బొమ్మకి మార్కులు ఎలా వేస్తారు? యూనివర్సిటీ చదువులో కళల మీద చర్చ

లెక్కలపంతులు (సోమవారం, రాత్రి 9:12)

అందరికీ నమస్కారం. ఇంజనీరింగ్ విద్యార్థులకి గణితం చెప్పేవాణ్ణి. మా దగ్గర సిలబస్ మారుస్తున్నారు. మొదటి సంవత్సరంలో అందరికీ రెండు క్రెడిట్ల కళల కోర్సు ఒకటి ఉండాలని పైనుంచి మాట వచ్చింది. ఆ కమిటీలో నన్నూ వేశారు. బహుశా పేర్లు రాసుకున్న రోజు నేను మీటింగ్‌కి వెళ్ళకపోవడమే కారణం అయ్యుంటుంది.

కమిటీ రెండుగా చీలిపోయింది. ఒక వర్గం కళా పరిచయం పేరుతో ఉపన్యాసాలు పెట్టి, చివర్లో బిట్ పేపర్ ఇద్దాం, దిద్దడం తేలిక అంటోంది. ఇంకో వర్గం పిల్లల చేత ఏదో ఒకటి చేయించాలి, బొమ్మో పాటో నాటకమో, లేకపోతే దండగ అంటోంది. ఈ రెండోవాళ్ళని "మరి మార్కులెలా వేస్తారు?" అని అడిగితే ఎవరూ నోరు మెదపరు.

నాకు తేలాల్సినవి ఇవి. అసలు ఇలాంటి కోర్సు అవసరమా? అవసరమైతే కళని చూపించాలా, చేయించాలా? చేయిస్తే మార్కుల సంగతేంటి? స్టీవ్ జాబ్స్ కాలిగ్రఫీ క్లాసు కథ మాత్రం దయచేసి వద్దండి. మీటింగ్ పెట్టినప్పుడల్లా ఎవరో ఒకరు చెప్తూనే ఉన్నారు.

రంగులడబ్బా (సోమవారం, రాత్రి 9:50)

బిట్ పేపరా! క్యూబిజం చిత్రకారుడు ఎవరు అని నాలుగు పేర్లిచ్చి టిక్కు పెట్టమంటారు, అంతేగా. ఉన్న కాస్త ఇష్టం కూడా దాంతో పోతుంది. డిజైన్ విద్యార్థులకి డ్రాయింగ్ చెప్తాను కాబట్టి నేను ఏ పక్షమో తెలిసిపోయే ఉంటుంది.

చేయించడం అనగానే అందర్నీ చిత్రకారుల్ని చేసేస్తారని భయపడతారు. 1920లలో జర్మనీలోని బౌహౌస్ అనే కళల, డిజైన్ స్కూల్లో జోసెఫ్ ఆల్బర్స్ కొత్త విద్యార్థులకి చెప్పిన క్లాసు గురించి అప్పటి విద్యార్థి ఒకాయన రాసిపెట్టాడు. ఆల్బర్స్ ఒక కట్ట న్యూస్‌పేపర్లు తెచ్చి తలా కొన్ని పంచాడు. కాగితాన్ని అర్థం చేసుకుని, వృథా చేయకుండా, దానికి తగ్గట్టు ఏదైనా చేయమని చెప్పి వెళ్ళిపోయాడు. కొన్ని గంటల తర్వాత తిరిగొచ్చి చూస్తే కోటలు, విమానాలు, జంతువులు, ముసుగులు. పిల్లలు చాలా కష్టపడ్డారు. ఆయన వాటిని పక్కన పెట్టేశాడు, ఇవన్నీ వేరే పదార్థాలతో చేస్తే ఇంకా బాగా వస్తాయి కదా అన్నాడు. చివరికి చేతిలోకి తీసుకున్నది ఒక్కటే. చూడ్డానికి ఏమీ లేదు, కాగితాన్ని నిలువుగా మడిచి రెక్కల్లా నిలబెట్టారు. అంత మెత్తటి కాగితం ఒక మడత పడగానే తన కాళ్ళ మీద తాను నిలబడుతుంది. బల్ల మీద పరిస్తే ఒక పక్కే కనిపించే కాగితానికి ఇప్పుడు రెండు పక్కలూ కనిపిస్తున్నాయి. ఆయన విద్యార్థులకి చూపించింది అదే.

ఈ పాఠానికి గీత గీయడం రానక్కర్లేదు. సివిల్, మెకానికల్ పిల్లలకి ఇది పనికొస్తుందో లేదో మీరే చెప్పండి.

మూడోబెంచి (సోమవారం, రాత్రి 10:31)

సార్, నేను కంప్యూటర్స్ ఫైనలియర్. మాకూ ఇలాంటిదే ఒకటి పెట్టారు, సృజనాత్మక ఆలోచన అని. కాలేజీ పేరు చెప్పను. వెళ్ళగానే రంగురంగుల చీటీలు చేతికిచ్చి గోడకి అంటించమనేవారు. ఇటుకకి ఎన్ని ఉపయోగాలున్నాయో రాయమనేవారు. ఎక్కువ రాసినవాడు గొప్ప. తలదిండు, పేపర్ వెయిట్, డంబెల్ అని గబగబా రాసేసి ఫోన్ చూసుకునేవాళ్ళం. సెమిస్టర్ చివర అందరికీ ఏ గ్రేడే.

ఆ చీటీల్లో రాసిన ఒక్క ఐడియా కూడా ఎవరమూ చేసి చూడలేదు. చేసి చూడమని అడిగినవాళ్ళూ లేరు. పెడితే సరిగ్గా పెట్టండి సార్, లేదంటే ఆ గంట మాకు నిద్రకి వదిలెయ్యండి.

పాతపుస్తకం (సోమవారం, రాత్రి 11:20)

పంతులు గారి కమిటీలో వచ్చిన చీలిక యూనివర్సిటీలంత పాతది.

మధ్యయుగపు ఐరోపా యూనివర్సిటీల్లో చదువు ఏడు విద్యలతో మొదలయ్యేది: వ్యాకరణం, తర్కం, వక్తృత్వం, ఆ తర్వాత అంకగణితం, జ్యామితి, సంగీతం, ఖగోళం. సంగీతం ఉంది కదా అని సంబరపడకండి. అక్కడ సంగీతం అంటే గణితమే. స్వరాల మధ్య నిష్పత్తులు, అష్టకం అయితే 2:1, పంచమం అయితే 3:2, ఈ లెక్కలు తెలిస్తే పండితుడు. వాయించేవాడు పనివాడు. చిత్రకారులు, శిల్పులు అసలు ఆ గడపే తొక్కలేదు. వాళ్ళ చదువంతా వృత్తి సంఘాల్లో, గురువు వర్క్‌షాపులో రంగులు నూరుతూ సాగేది. 1563లో ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో చిత్రకారుడు వసారి చొరవతో కళాకారుల అకాడమీ పెట్టారు. అదీ యూనివర్సిటీకి బయటే.

ఆక్స్‌ఫర్డ్‌లో సంగీతానికి ప్రొఫెసర్ పదవి 1626లో వచ్చింది. చిత్రకళ ఇంకో రెండు శతాబ్దాలకు పైగా ఆగాల్సి వచ్చింది. 1869లో అక్కడ మొదటి స్లేడ్ ప్రొఫెసర్‌గా, అంటే లలితకళల ప్రొఫెసర్‌గా, కళావిమర్శకుడు జాన్ రస్కిన్‌ని తీసుకున్నారు. ఉపన్యాసాలతో ఊరుకోకుండా ఆయన 1871లో డ్రాయింగ్ స్కూలు కూడా తెరిచాడు. అటు అమెరికాలో యేల్ యూనివర్సిటీ లలితకళల స్కూలు తెరిచిందీ 1869లోనే.

కళ గురించి మాట్లాడేవాళ్ళకి యూనివర్సిటీ తలుపు ఎప్పుడూ సులభంగానే తెరుచుకుంది. కళ చేసేవాళ్ళనే ఇప్పటికీ అనుమానంగా చూస్తుంది. బిట్ పేపర్ వర్గం వాళ్ళు పాత సంప్రదాయాన్నే నిలబెడుతున్నారు, పాపం.

లెక్కలపంతులు (మంగళవారం, ఉదయం 6:48)

పాతపుస్తకం గారూ, సంగీతం ఒకప్పుడు మా డిపార్ట్‌మెంట్‌లోనే ఉండేదని ఈరోజే కమిటీలో చెప్తాను. వాళ్ళు నవ్వరు, అయినా చెప్తాను.

మూడోబెంచీ, మీ ఇటుక సంగతి చదివి భయం వేసింది. మా ముసాయిదాలో మొదటి వారం అచ్చంగా అదే ఉంది.

సూటిప్రశ్న (మంగళవారం, ఉదయం 8:05)

కళలు నేర్పితే సృజన పెరుగుతుందని అందరూ ముందే ఒప్పేసుకుని మాట్లాడుతున్నారు. ఆధారం ఏది? నేను ఫిజిక్స్ ల్యాబులో పనిచేస్తాను, కళల మీద నాకేం కోపం లేదు.

ముందు ఆ ఇటుక సంగతి. సృజన మీద పరిశోధన చాలడం లేదని 1950లో అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ అధ్యక్షోపన్యాసంలో మనస్తత్వవేత్త గిల్‌ఫర్డ్ గట్టిగా చెప్పాడు. ఆయన బృందం తర్వాత తయారుచేసిన పరీక్షల కోవలోదే ఈ ఇటుక ప్రశ్న. ఎన్ని ఆలోచనలు వస్తున్నాయి, ఎంత వేరువేరుగా వస్తున్నాయి అని కొలవడానికి పెట్టారు. కొలిచే సాధనాన్ని తెచ్చి పాఠం చేసేశారు. థర్మామీటర్ పెడితే జ్వరం తగ్గుతుందా?

రెండోది, నోబెల్ లెక్క. నోబెల్ వచ్చిన శాస్త్రవేత్తల్లో కళలో చేతిపనులో హాబీలుగా ఉన్నవాళ్ళు మామూలు శాస్త్రవేత్తల కంటే దాదాపు మూడు రెట్లు ఎక్కువని 2008లో రూట్‌బెర్న్‌స్టైన్ బృందం రాసింది. మంచి పేపరే. కానీ దాన్ని బట్టి వయొలిన్ నేర్పితే నోబెల్ వస్తుందని ఎలా అంటాం? చిన్నప్పటి నుంచీ తీరిక, పుస్తకాలు, వాయిద్యాలు ఉన్న ఇంట్లో పెరిగినవాళ్ళకి రెండూ వచ్చుండొచ్చు. అన్నిటి మీదా ఆసక్తి ఉండే స్వభావమే రెండిటికీ మూలం అయ్యుండొచ్చు.

మూడోది. పంతులు గారూ, సృజన కావాలంటే మీ గణితం క్లాసులోనే పెట్టొచ్చు కదా. జవాబు తెలిసిన లెక్కలు వందలకొద్దీ చేయించి, సృజన మాత్రం పక్క గదిలో డ్రాయింగ్ టీచర్ చూసుకుంటుంది అనడం తప్పించుకోవడమే.

వెన్నెముక (మంగళవారం, మధ్యాహ్నం 1:30)

సూటిప్రశ్న గారు ఆధారం అడిగారు కాబట్టి మా వైపు నుంచి ఒకటి. నేను వైద్య విద్యార్థులకి పాఠాలు చెప్తాను.

యేల్‌లో ఇర్విన్ బ్రేవర్మన్ అనే చర్మవ్యాధుల డాక్టరు, అక్కడి బ్రిటిష్ ఆర్ట్ సెంటర్‌లో పనిచేసే లిండా ఫ్రీడ్‌లెండర్ కలిసి వైద్య విద్యార్థుల్ని మ్యూజియానికి తీసుకెళ్ళారు. విద్యార్థి తనకి కేటాయించిన చిత్రం ముందు నిలబడి కొన్ని నిమిషాలు ఊరికే చూడాలి. తర్వాత తనకి కనిపించింది కనిపించినట్టు మిగతావాళ్ళకి చెప్పాలి. 'ఆమె బాధలో ఉంది' అంటే కుదరదు. కనురెప్పలు వాలి ఉన్నాయి, ఎడమ చెయ్యి మంచం అంచు నుంచి కిందికి వేలాడుతోంది, వెలుగు కుడివైపు నుంచి వస్తోంది, ఇలా చెప్పాలి. అన్నీ అయ్యాకే అర్థం జోలికి వెళ్ళాలి. ఈ శిక్షణ తీసుకున్నవాళ్ళు తర్వాత రోగుల ఫోటోల్లో లక్షణాలు గుర్తించడంలో మిగతావాళ్ళ కంటే మెరుగయ్యారు. 2001లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో వచ్చింది.

దీనికి ఎందుకు చిత్రమే కావాలి, రోగి ఫోటో సరిపోదా అని మా వాళ్ళు అడుగుతారు. రోగి ఫోటో చూడగానే మా పిల్లలు రోగం పేరు వెతుక్కుంటారు. పేరు దొరికిందంటే ఇక చూడరు. చిత్రానికి రోగం పేరు ఉండదు కాబట్టి చూస్తూనే ఉండాలి.

న్యూరాన్ల (నాడీకణాల) మీద పనికి 1906లో నోబెల్ అందుకున్న రామోన్ ఇ కాహల్ చిన్నప్పుడు చిత్రకారుడు అవుతానన్నాడు, తండ్రి బలవంతాన వైద్యంలో చేర్పించాడు. మైక్రోస్కోప్ కింద చూసి ఆయన గీసిన బొమ్మల్ని ఇప్పటికీ పాఠ్యపుస్తకాల్లో వేస్తున్నారు. గీయాలంటే ఏ పోగు ఎక్కడ ఆగిందో తేల్చుకోవాలి కదా.

సూటిప్రశ్న (మంగళవారం, మధ్యాహ్నం 2:02)

ఇది ఒప్పుకుంటాను. పోల్చడానికి ఇంకో గుంపు ఉంది, కొలిచింది కూడా స్పష్టంగా ఉంది. అయితే ఇది పరిశీలనకి సంబంధించింది. సిలబస్‌లో 'పరిశీలన' అని రాసుకుంటే నాకే పేచీ లేదు. 'సృజన' అని రాస్తేనే ఒళ్ళు మండుతుంది.

చిత్తుప్రతి (మంగళవారం, రాత్రి 8:15)

మార్కుల గురించి ఎవరూ ముట్టుకోవట్లేదు కాబట్టి నేను మొదలుపెడతాను. రచన చెప్పడం నా పని. అయోవా యూనివర్సిటీలో రచయితల వర్క్‌షాప్ 1936లో మొదలైంది. ఇంగ్లండ్‌లో ఈస్ట్ ఆంగ్లియా 1970లో ఎం.ఏ. పెట్టింది. అంటే రాతకి డిగ్రీలు ఇస్తూ, గ్రేడ్లు వేస్తూ చాలా ఏళ్ళయింది. ఆకాశం ఊడిపడలేదు.

కళకి మార్కులు వేయడం అసాధ్యం, ఎవరి రుచి వాళ్ళది అంటారు. థెరెసా అమబీలీ అనే మనస్తత్వవేత్త 1982లో దీన్ని పరీక్షకి పెట్టే పద్ధతి ఒకటి ప్రచురించింది. ఆ రంగంలో పని తెలిసినవాళ్ళని కొందరిని కూర్చోబెట్టి, ఒకరితో ఒకరు మాట్లాడుకోనివ్వకుండా, ఏ నియమావళీ చేతికివ్వకుండా, ముందున్న పనుల్ని ఒకదానితో ఒకటి పోల్చి మార్కులు వేయమంటారు. చాలాసార్లు వాళ్ళ అంచనాలు దగ్గరదగ్గరగా వస్తాయి. తెలిసినవాళ్ళ మధ్య రుచులు మనం అనుకునేంత దూరంగా ఉండవన్నమాట. ఒక్క టీచరే దిద్దకుండా ముగ్గుర్ని విడివిడిగా దిద్దమంటే మీ సమస్య సగం తీరుతుంది.

మిగతా సగం కష్టం. అదే అమబీలీ 1985లో రచన మీద నిజంగా ఆసక్తి ఉన్న యువకుల చేత ముందు ఒక హైకూ (జపాన్ పద్ధతి చిట్టి కవిత) రాయించింది. తర్వాత కొందరికి రాయడంలోని ఆనందం, సంతృప్తి లాంటి కారణాలున్న జాబితా ఇచ్చి వరసలో పెట్టమంది. ఇంకొందరికి పేరు, డబ్బు, ఇతరుల మెప్పు లాంటివి ఇచ్చింది. కొన్ని నిమిషాల పనే. తర్వాత అందరూ ఇంకో హైకూ రాశారు. పేరూ డబ్బూ గురించి ఆలోచించి వచ్చినవాళ్ళ రెండో హైకూలకి న్యాయనిర్ణేతలు తక్కువ వేశారు. ఎవరూ వాళ్ళకి బహుమతి ఇవ్వలేదు, బెదిరించలేదు, బయటి కారణాల మీద కాసేపు మనసు పెట్టించారంతే. ఇక సెమిస్టర్ అంతా ఇంటర్నల్ మార్కులు లెక్కపెట్టుకుంటూ కూర్చునే పిల్లల సంగతి ఆలోచించండి.

నేను చేసేదేంటంటే, మొదటి డ్రాఫ్ట్‌కి మార్కులుండవు. రెండోదానికీ ఉండవు. చివర్లో మూడు డ్రాఫ్టులూ పక్కపక్కన పెట్టుకుని ఏది మారింది, ఎందుకు మారింది అని చూస్తాను. మొదటి డ్రాఫ్టే అద్భుతంగా రాసి దాన్ని కదపని పిల్లలకి నా దగ్గర తక్కువే వస్తుంది. దీని మీద నాకు శాపనార్థాలు కూడా అందాయి.

గాలిపటం (మంగళవారం, రాత్రి 8:40)

బాగా రాసినవాళ్ళకి తక్కువ వేస్తారా? ఇదేం న్యాయం మేడమ్?

చిత్తుప్రతి (మంగళవారం, రాత్రి 8:52)

బాగా రాసేవాళ్ళు నా క్లాసుకి రాకముందే రాస్తున్నారు బాబూ. దానికి నేను మార్కులెందుకు వేయాలి? నా దగ్గరికొచ్చాక జరిగిందానికి వేస్తాను.

గాలిపటం (మంగళవారం, రాత్రి 9:10)

నాకింకా న్యాయంగా అనిపించట్లేదు. సరే, ఇంకో విషయం. నేను ఫైన్ ఆర్ట్స్ విద్యార్థిని. ఎప్పుడూ సైన్సు వాళ్ళకి కళ నేర్పాలనే అంటారు. మాకు లెక్కలు, సైన్సు ఎందుకు పెట్టరు? మేం వాళ్ళ చదువు మీద చల్లే సెంటులాగా ఉన్నాం.

పాతపుస్తకం (మంగళవారం, రాత్రి 9:45)

న్యాయమైన ప్రశ్న. సి.పి. స్నో 1959లో కేంబ్రిడ్జ్ ఉపన్యాసంలో ఇదే అడిగాడు. ఆయన భౌతిక శాస్త్రమూ చదివాడు, నవలలూ రాశాడు. బాగా చదువుకున్న సాహిత్యజీవుల్ని థర్మోడైనమిక్స్ రెండో సూత్రం ఏంటో చెప్పమంటే ముఖం చిట్లించేవారట. షేక్‌స్పియర్‌ని చదివారా అన్నంత మామూలు ప్రశ్నే కదా ఇది అని ఆయన వాదన.

అయితే బలవంతం పెట్టినప్పుడు ఏమైందో కూడా చూడాలి. బ్రిటన్‌లో 1960 కోల్డ్‌స్ట్రీమ్ నివేదిక తర్వాత ఆర్ట్ స్కూళ్ళ చదువుకి డిప్లొమా హోదా వచ్చింది, దాంతోపాటు కళాచరిత్ర, వ్యాసరచన తప్పనిసరి అయ్యాయి. కళకి గౌరవం తేవాలంటే రాతపని ఉండాలన్న ఆలోచన అది. 1968లో హార్న్సీ ఆర్ట్ కాలేజీ విద్యార్థులు కాలేజీని ఆక్రమించి వారాల తరబడి తామే నడిపారు. కదలని కోర్సు చట్రాలు, చదువుని ముక్కలు ముక్కలుగా విడగొట్టడం వాళ్ళ ఫిర్యాదుల్లో ముఖ్యమైనవి.

లెక్కలపంతులు (మంగళవారం, రాత్రి 10:30)

గాలిపటం ప్రశ్న దగ్గర నాకో ఆలోచన తట్టింది. సాంకేతికంగా తప్పుంటే సూటిప్రశ్న గారు ఎలాగూ చెప్తారు.

ఒక చదునైన తలాన్ని అన్ని దిక్కులా ఒకే నమూనాతో నింపుకుంటూ పోతే, సౌష్ఠవం లెక్కన చూస్తే వచ్చే రకాలు సరిగ్గా 17. పద్దెనిమిదోది లేదు. 1891లో ఫెదరోవ్ నిరూపించాడు. చీర అంచులా ఒకే దిక్కుకి సాగే నమూనా అయితే 7 రకాలే. ఫైన్ ఆర్ట్స్ పిల్లలు నమూనాలు గీయాలి, గణితం పిల్లలు అది ఏ రకమో పట్టుకోవాలి, తర్వాత పనులు మార్చుకోవాలి. 'నేను గీసింది పద్దెనిమిదో రకం' అని ఎవరో ఒకరు వాదిస్తారు చూడండి, ఆ వాదన కోసం నేను సెలవు రోజు కూడా వస్తాను. అద్దంలో తిప్పి చూడు, సగం తిరగేసి చూడు, జరిపి చూడు అంటూ పోతే సౌష్ఠవాల్ని చదివే గణితం, గ్రూప్ థియరీ, దానంతటదే వచ్చేస్తుంది. నేను బోర్డు మీద నిర్వచనంతో మొదలుపెట్టినప్పుడు మాత్రం ఎప్పుడూ రాలేదు.

గాలిపటం (మంగళవారం, రాత్రి 10:41)

ఈ క్లాసుకి నేనొస్తా సార్. పద్దెనిమిదోది గీసి తీరతా.

రంగులడబ్బా (బుధవారం, ఉదయం 7:20)

రాత్రి ఇంత జరిగిందా! సూటిప్రశ్న గారి మూడో మాట దగ్గరికి వస్తున్నాను, సృజన గణితం క్లాసులోనే పెట్టొచ్చు కదా అన్నది. పెట్టొచ్చు. కానీ స్టూడియోలో సహజంగా జరిగేది ఒకటి మీ క్లాసుల్లో అరుదుగా జరుగుతుంది.

1960లలో షికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ స్కూల్లో గెట్జెల్స్, చిక్‌సెంట్‌మిహాయి అనే మనస్తత్వవేత్తలు కలిసి 31 మంది విద్యార్థుల్ని పరిశీలించారు. గదిలో రెండు బల్లలు. ఒక బల్ల మీద 27 వస్తువులు. నచ్చినవి తీసుకుని రెండో బల్ల మీద పేర్చుకుని బొమ్మ గీయాలి. కొందరు రెండు మూడు వస్తువులు చకచకా పెట్టేసుకుని గీయడం మొదలుపెట్టారు, మిగతా సమయమంతా గీతని మెరుగుపెట్టడానికే. ఇంకొందరు ఒక్కొక్క వస్తువునీ చేతిలోకి తీసుకుని తిప్పారు, తూకం చూశారు, పెట్టి తీసేశారు, గీయడం మొదలయ్యాక కూడా అమరిక మార్చారు. ఏం గీస్తున్నారో చాలాసేపటి దాకా తేలలేదు.

తర్వాత ఎవరు ఎలా గీశారో తెలియని నిపుణులకి బొమ్మలు చూపిస్తే, రెండో రకం వాళ్ళ బొమ్మల్లో కొత్తదనం ఎక్కువుందన్నారు. పనితనంలో అంత తేడా లేదు. ఏళ్ళ తర్వాత వెళ్ళి చూస్తే కళారంగంలో నిలదొక్కుకున్నవాళ్ళలోనూ రెండో రకమే ఎక్కువ.

మీరు పరీక్షలో లెక్క ఇస్తారు, పిల్లలు చేస్తారు. నా దగ్గర లెక్క కూడా వాళ్ళే వెతుక్కోవాలి. అది దొరక్క సగం క్లాసు పిచ్చి చూపులు చూస్తూ కూర్చుంటుంది. బయటినుంచి ఎవరైనా తనిఖీకి వస్తే ఇక్కడ ఏమీ జరగట్లేదని రాసుకెళ్తారు. నా మటుకు కోర్సులో విలువైన సమయం అదే, దానికే మన సిలబస్‌లో గడి ఉండదు.

సూటిప్రశ్న (బుధవారం, ఉదయం 8:30)

31 మందే కదా అనబోయాను, కానీ మాట బాగుంది. మా ల్యాబులో కొత్తగా చేరిన పరిశోధక విద్యార్థులు చేతులెత్తేసేది ఇక్కడే. పదహారేళ్ళు ఎవరో ఇచ్చిన ప్రశ్నలకి జవాబులు రాసొచ్చారు. 'నువ్వేం చూద్దామనుకుంటున్నావ్?' అని అడిగితే 'మీరు చెప్పండి సార్' అంటారు. దీన్ని సృజన అనకుండా ప్రశ్న వెతకడం అని రాస్తే నేను సంతకం పెడతాను.

తాళంకప్ప (బుధవారం, ఉదయం 11:15)

కళ అంటే బొమ్మలేనా అండీ? మూడు రోజులుగా చూస్తున్నా. నేను సంగీతం చెప్తాను.

ఒక సంగతి ముందే చెప్పేస్తా. వారానికి రెండు గంటల చొప్పున సెమిస్టర్‌లో వాయిద్యం నేర్పిస్తామని ఎవరైనా అంటే నమ్మకండి. వేలికి పని అలవాటవ్వాలంటే రోజూ చేయాలి. ఏదో ఒక పాట బట్టీ పట్టించి చివర్లో స్టేజీ ఎక్కించి ఫోటోలు తీస్తారు. చేతనయ్యేది కలిసి పాడడం, కలిసి లయ పట్టడం. ఒక గుంపు మూడు వేయాలి, ఇంకో గుంపు అదే వ్యవధిలో రెండు వేయాలి. కాగితం మీద చిన్నపిల్లల లెక్క. చప్పట్లతో వేయమంటే ఇంజనీరింగ్ టాపర్లు కూడా పక్కవాళ్ళ లయలోకి జారిపోతారు. ఇతరుల్ని వింటూనే తన దారి తప్పకుండా ఉండడం వాళ్ళకి ఏ గ్రూప్ ప్రాజెక్టులోనూ రాలేదు. గ్రూప్ ప్రాజెక్టు అంటే ఒకరు చేయడం, నలుగురు పేర్లు రాయించుకోవడం కదా.

మూడోబెంచి (బుధవారం, మధ్యాహ్నం 12:40)

చివరి వాక్యానికి హాస్టల్ మొత్తం తరఫున క్షమాపణలు.

ఒక డౌట్. ఇంట్లో చేసుకురమ్మంటే అందరూ ఏఐతోనే చేసుకొస్తారు, మొహమాటం లేకుండా చెప్తున్నా. కథ, బొమ్మ, ట్యూను, ఏదైనా నిమిషంలో వచ్చేస్తుంది. అప్పుడు మీరు దిద్దేది ఎవరి పని?

చిత్తుప్రతి (బుధవారం, మధ్యాహ్నం 1:25)

నా దగ్గరా జరుగుతోంది. పట్టుకునే సాఫ్ట్‌వేర్లని నమ్ముకోవద్దు, సొంతంగా రాసిన పిల్లల్ని దొంగలంటాయి. క్లాసులోనే చేయించండి, చేత్తో రాసే నోటుబుక్కు పెట్టించండి. కొట్టివేతలు, మార్జిన్‌లో సందేహాలు, వదిలేసిన దారులు అన్నీ అందులో ఉండాలి. ఆ నోటుబుక్కు పట్టుకుని పది నిమిషాలు మాట్లాడితే ఎవరు చేశారో తెలిసిపోతుంది.

ఇంకోటి కూడా చేయిస్తాను. ఏఐతో ఒక పేరా రాయించి తెమ్మని, అందులో మీకు నచ్చని వాక్యం చూపించి ఎందుకు నచ్చలేదో చెప్పమంటాను. మొదట్లో అన్నీ బాగున్నాయంటారు. నాలుగో వారానికి విసుక్కోవడం మొదలెడతారు. ఆ విసుగు కోసమే నేను ఎదురుచూస్తుంటాను.

పాతపుస్తకం (బుధవారం, సాయంత్రం 4:50)

బౌహౌస్ పేరొచ్చింది కాబట్టి చిన్న పక్కదారి. అది వైమార్‌లో 1919లో మొదలైంది. శాంతినికేతన్‌లో కళాభవన్ మొదలైందీ అదే ఏడాది. 1922 డిసెంబరులో బౌహౌస్ చిత్రాలు కలకత్తాలో ప్రదర్శనకి వచ్చాయి. నాజీల ఒత్తిడికి 1933లో బౌహౌస్ మూతపడితే ఆల్బర్స్ అమెరికాలో అప్పుడే పుట్టిన బ్లాక్ మౌంటెన్ కాలేజీకి వెళ్ళాడు. అక్కడ కళ పక్కన పెట్టిన ఎలెక్టివ్ కాదు, చదువుకి నడుమ ఉండేది. 1948 వేసవిలో బక్‌మిన్‌స్టర్ ఫుల్లర్ అనే డిజైనర్ విద్యార్థులతో కలిసి కిటికీ బ్లైండ్ల పట్టీలతో గోళాకారపు కప్పు కట్టబోతే అది లేవనే లేదు, నేల మీదే పరుచుకుంది. మరుసటి వేసవి మళ్ళీ వచ్చి ఇంకోటి నిలబెట్టాడు.

ఇలాంటివి వినగానే మనం పరవశించిపోతాం. ఆ కాలేజీ చాలా చిన్నది, డబ్బుల్లేక 1957లో మూతపడింది. మీ దగ్గర ఎంతమంది పిల్లలు పంతులు గారూ?

లెక్కలపంతులు (బుధవారం, రాత్రి 9:05)

అడగనే అడిగారు. ఆరు వందల మంది. డ్రాయింగ్ తెలిసినవారు ఒక్కరే, ఆవిడా పార్ట్ టైమ్.

రంగులడబ్బా (బుధవారం, రాత్రి 9:30)

అయితే అందరికీ ఒకే కోర్సు అన్న ఆలోచన ఇప్పుడే వదిలెయ్యండి. పాతికమందికి మించితే స్టూడియో నడవదు. మ్యూజియం పద్ధతిలో చూసి చెప్పడం, కలిసి పాడడం, నాటకం, రచన, కాగితం పని, మీ 17 నమూనాలు, ఇన్ని పెట్టి ఏదో ఒకటి ఎంచుకోమనండి. సగం పిల్లలు మొదటి సెమిస్టర్, సగం రెండో సెమిస్టర్. బయటి కళాకారుల్ని గంటల లెక్కన పిలవండి, పిలిస్తే సరిగ్గా డబ్బులివ్వండి. 'మీకు పేరొస్తుంది' అని పిలవకండి.

వెన్నెముక (బుధవారం, రాత్రి 9:48)

గ్రేడ్లు తీసేసి పాస్, ఫెయిల్ మాత్రమే పెట్టడం కుదరదా? అమెరికాలోని ఎం.ఐ.టి.లో మొదటి సెమిస్టర్ విద్యార్థులకి పాస్ అయితేనే నమోదు చేస్తారు, తప్పితే రికార్డులోకే రాదు. అక్కడ డిగ్రీకి కళలు, మానవీయ, సామాజిక శాస్త్రాల్లోంచి ఎనిమిది సబ్జెక్టులు చేయాలి, అందులో కళలది కనీసం ఒకటి ఉండాలి. ఇంజనీరింగ్ పిల్లలకి ఇది ఎక్కువైపోతుందనే వాళ్ళకి చూపించడానికి పనికొస్తుంది.

లెక్కలపంతులు (గురువారం, మధ్యాహ్నం 3:15)

ఈరోజు మీటింగ్ అయింది. పాస్, ఫెయిల్ పద్ధతికి ఒప్పుకున్నారు, ముఖ్యంగా దిద్దే పని తగ్గుతుందని. కారణం ఏదైతేనేం. ఎంచుకునే పద్ధతి కూడా సరేనన్నారు. బిట్ పేపర్ వర్గం మాత్రం 'ఒక్క యూనిట్ అయినా థియరీ ఉండాలి' అని పట్టుబట్టి ఐదు ఉపన్యాసాలు సాధించుకుంది. సంగీతం మాటకి ఎవరూ నవ్వలేదు.

పేచీ అంతా టైమ్‌టేబుల్ దగ్గర. గంట చొప్పున రెండు పీరియడ్లు ఇస్తామంటున్నారు, వేరువేరు రోజుల్లో.

రంగులడబ్బా (గురువారం, మధ్యాహ్నం 3:40)

ఐదు ఉపన్యాసాలు ఇచ్చెయ్యండి, గంటల దగ్గర మాత్రం తగ్గకండి. సామాన్లు తీసి సర్దేసరికి పావుగంట, చివర్లో కడగడానికి పావుగంట, మధ్యలో ఏం మిగులుతుంది? మూడు గంటలు ఒకే బ్లాకుగా ఉండాలి, కెమిస్ట్రీ ల్యాబుకి ఇచ్చినట్టే. 'కళల క్లాసు' అని కాకుండా 'ల్యాబ్' అని రాయండి, టైమ్‌టేబుల్ వేసేవాళ్ళు నోరెత్తరు. గదిలో నీళ్ళ పంపు ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి. గోడలకి పిన్నులు గుచ్చనిస్తారో లేదో కూడా అడగండి. అందరి పనీ గోడ మీద పక్కపక్కన పెట్టి మాట్లాడుకోవడం లేకపోతే సగం కోర్సు లేనట్టే.

సూటిప్రశ్న (గురువారం, సాయంత్రం 5:10)

విడివిడిగా దిద్దే ముగ్గురిలో బయటి సబ్జెక్టు మనిషి ఒకరు కావాలంటే నేనొస్తాను. మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి అవే పిల్లల పని చూపించండి, ఏ బ్యాచ్ ఏదో నాకు చెప్పకండి. తేడా ఉంటే ఉందని రాస్తాను, లేకపోతే లేదనే రాస్తాను.

లెక్కలపంతులు (గురువారం, రాత్రి 8:20)

ల్యాబ్ అని రాశాను, మూడు గంటలు ఇచ్చారు! అయితే వారంలో ఖాళీ గది లేదట, శనివారం పొద్దున్నే ఉందట. సూటిప్రశ్న గారూ, మీకు మెసేజ్ పెడుతున్నాను. మూడోబెంచీ, సీనియర్లని అసిస్టెంట్లుగా తీసుకుందామనుకుంటున్నాం, శనివారం అంటే వస్తారా ఎవరైనా?

మూడోబెంచి (గురువారం, రాత్రి 8:26)

వస్తారు సార్, ఒక ఏడెనిమిది మందిని నేనే తెస్తా. పదింటికి ముందు మాత్రం పెట్టకండి.